నాలుగో పూట

పద్దెనిమిదేళ్లుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్న అబద్ధం. మూడే మాటలు. చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. దాన్ని కడుపులో పెట్టుకునే పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, జగిత్యాలలో ఒక కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతున్నాను. పేరుకు ముందు డాక్టర్ అని రాసుకుంటున్నాను. చూస్తే బరువు మోస్తున్న మనిషిలా ఉండను. స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా నవ్వేది నేనే.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకపోతేనే ఇది చెప్పగలను. పేరు అడగకండి. మిగతాదంతా జరిగింది జరిగినట్టు చెబుతాను. చెప్పగలనా? ఇన్నేళ్లలో ఈ కథ నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు, చెప్పుకున్న ప్రతిసారీ కొంచెం కొంచెం నా వైపు మొగ్గేలా చెప్పుకున్నాను. ఈసారి అలా చేయను. చేస్తున్నట్టు అనిపిస్తే మీరే పట్టుకోండి.

మాది కోరుట్ల దగ్గర పల్లె. మా నాయన తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఆ ఇంట్లోంచి నేను హైదరాబాద్ వెళ్లి ఔషధ రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీలో చేరాను. మందుగా పనికొచ్చే పదార్థాన్ని వెతకడం, విడదీయడం, ఎలుకలకిచ్చి పరీక్షించడం, అదీ నా చదువు. ఇంట్లో ఎవరికీ అది అంతుపట్టలేదు. "డాక్టరు సదువంటవు, సూది ఇయ్యనంటవు. గిదేం డాక్టరే?" అని మా నాయన నవ్వేవాడు. ఊళ్లో మాత్రం చేరిన రోజు నుంచే నేను డాక్టరమ్మను. మొదట్లో కాదని చెప్పేదాన్ని. తర్వాత మానేశాను. ఆ పిలుపు బాగుండేది.

రెండేళ్లు గడిచినా చేతికి ఏమీ రాలేదు. నేను తయారుచేసిన పదార్థాలన్నీ ఉత్తవే అయ్యాయి. తోటివాళ్ల పేపర్లు అచ్చవుతున్నాయి, నా ఫెలోషిప్ గడువు దగ్గర పడుతోంది. మీ దిక్కున మందుగా వాడే మొక్క ఏదైనా ఉంటే తీసుకురా, అందులో ఏముందో చూద్దాం అన్నారు ఒకరోజు మా గైడ్. నాకు వెంటనే పెద్దవ్వ గుర్తొచ్చింది.

పెద్దవ్వ మా అమ్మకు అక్క. కామెర్లకు పసరు పోసేది. మా వైపు ఏ ఇంట్లో చూసినా ఒక మగమనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవాడు, లేదంటే పోవడానికి పాస్‌పోర్టు పట్టుకుని తిరుగుతుండేవాడు. పోయే ముందు మెడికల్ పరీక్ష ఉంటుంది. రక్తంలో కామెర్లు కనిపిస్తే అన్‌ఫిట్ అని రాసేస్తారు. అలా రాయించుకున్నవాళ్లంతా వచ్చి తెల్లవారుజామునే పెద్దవ్వ వాకిట్లో కూర్చునేవారు. వేములవాడలో మొక్కు తీర్చుకుని అటునుంచి అటే వచ్చేవాళ్లూ ఉండేవారు. ఆమె మేకపాలలో ఆకు పసరు కలిపి పరగడుపున పోసేది. పైసా తీసుకునేది కాదు, ఆఖరికి ఒక తమలపాకు కూడా ముట్టేది కాదు. ఏ ఆకో ఎవరికీ తెలియదు. కన్నకూతురికీ తెలియదు. వాళ్ల అత్త పోయేముందు ఆమెకు చూపించిందట, ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకుందట.

నాకు చూపించింది. ఎందుకంటే నేను మూడు రోజులు ఆమె గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. నా చదువు ఆగిపోతుంది పెద్దవ్వా అన్నాను. నాలుగో రోజు పొద్దున నన్ను వెంటబెట్టుకుని ఊరి పక్క చిన్న వాగు, ఒర్రె గట్టు మీదికి తీసుకెళ్లింది. నోటితో పేరు చెప్పలేదు. వంగి ఆకు తుంచి నా అరచేతిలో పెట్టింది.

"మూడు పూటలు, బిడ్డా. నాలుగో పూట ఎవ్వలకియ్యద్దు. ఎందుకని నన్నడుగకు, నాకెర్కలే. మా అత్త ఇయ్యలే, నేనియ్యలే."

నేను నోట్‌బుక్కులో ఆకు ఆకారం రాసుకున్నాను. పువ్వు రంగు రాసుకున్నాను. ఏ నెలలో కోశామో, నేల ఎలాంటిదో రాసుకున్నాను. మూడు పూటల మాట రాసుకోలేదు. అది వాళ్ల నమ్మకం అనుకున్నాను. మూడు అంటే ఏదో దేవుడి లెక్క అనుకున్నాను. నాలుగు తరాల ఆడవాళ్లు మనుషుల కళ్లల్లోకి చూసి చూసి తెలుసుకున్న మోతాదు అది అని ఔషధ రసాయన శాస్త్రం చదువుతున్న నాకు తట్టలేదు.

ఆకులు ఎండబెట్టి పొడిచేసి సారం తీశాను. గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా కారేదాన్ని వందల చిన్న సీసాల్లో పట్టాను. ఎనిమిది నెలల తర్వాత ఒక సీసా అడుగున తెల్లని పలుకులు కనిపించాయి. ల్యాబులో ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. ఆ ఏడుపు సంతోషంతోనే. అంత సంతోషం తర్వాత మళ్లీ నాకు దక్కలేదు.

ఎలుకల మీద చిన్న మోతాదు బాగా పనిచేసింది. చెడగొట్టిన కాలేయం తేరుకుంది. పెద్ద మోతాదు ఇరవై ఒక్క రోజులు ఇచ్చిన గుంపులో ఆరు ఎలుకలుండేవి. రెండు చచ్చిపోయాయి. మిగతా నాలుగూ బక్కచిక్కాయి. చచ్చినవాటిని కోసి చూస్తే కాలేయం మీద మచ్చలున్నాయి. ఎలుకకు గొట్టంతో మందు పోసేటప్పుడు ఒక్కోసారి అది ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. అలా జరిగిందని రాశాను. మొదటి ఎలుక విషయంలో నిజంగా అలా జరిగి ఉండొచ్చు. రెండోది? మచ్చలు ఊపిరితిత్తుల మీద కాదు కదా ఉన్నవి? ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ గుంపు వివరాలు రాసిన పేజీ మీద అడ్డంగా గీత కొట్టాను. మా గైడ్‌కు చూపించలేదు. మళ్లీ చేయాలంటే ఇంకో ఆరు నెలలు పట్టేది.

ఇక మా బావ గురించి చెప్పాలి. ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది.

పెద్దవ్వకు ఒక్కతే కూతురు, రాజక్క. ఆమెను సిరిసిల్లలో ఇచ్చారు. బావ సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలు అంటారు. రోజంతా ఆ చప్పుడులో పనిచేసే మనిషి కాబట్టి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. రహస్యం చెప్పినా నాలుగిళ్ల అవతలికి వినిపించేది. నన్ను చూస్తే చాలు, "ఏం డాక్టరమ్మా, నీ మందులు ఎలుకలకేనా, మనుషులకియ్యవా?" అని ఆటపట్టించేవాడు. కల్లు తాగేవాడా? తాగేవాడు. మా ఇళ్లల్లో తాగని మగవాళ్లు ఎవరు? అందరిలాగే తాగేవాడు, అందరికంటే ఎక్కువ కాదు.

ఆ ఏళ్లలో సిరిసిల్లలో సాంచెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బావ ఉన్న వాడకట్టులో పగటిపూట చప్పుడే లేకుండా పోయింది. ఆ నిశ్శబ్దంలో ఈ ఇంట్లో ఒకరు ఉరేసుకున్నారని, ఆ ఇంట్లో ఒకరు పురుగుల మందు తాగారని వినేవాళ్లం. రాజక్క బీడీలు చేస్తూనే బావను కంట కనిపెట్టుకుని ఉండేది. బావ దుబాయి పోతానన్నాడు. వీసా వచ్చింది. మెడికల్‌లో కామెర్లు బయటపడ్డాయి. మళ్లీ పరీక్షకు నాలుగు వారాల గడువు ఇచ్చారు. అప్పుడూ తప్పితే వీసా ఇంకొకరికి పోతుంది.

అత్తగారింటికి వచ్చి మూడు పూటలు పసరు తాగాడు. కళ్లు తెల్లబడ్డాయి. ఆకలి పుట్టింది. తగ్గిపోయేదే. ఊరికే వదిలేసినా తగ్గిపోయేది. కానీ ఆ రక్తపరీక్ష అంకెల భయం అతన్ని వదల్లేదు. అక్క చేసిన మక్కగారెలు మూటకట్టుకుని హైదరాబాద్‌లో మా హాస్టల్‌కు వచ్చాడు.

ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది, అతను మందు అడిగాడని. అడగలేదు. ఎప్పట్లాగే ఎలుకల మాట ఎత్తి ఏడిపించాడు, అంతే. "ఉండు బావా, నీకూ ఇస్తా" అన్నది నేను. ఎందుకన్నాను? అతనికి మేలు జరగాలని అన్నాను, అది నిజం. ఒక్క మనిషి మీద పనిచేస్తే చూడాలని అన్నాను, అదీ నిజం. ఏది ముందు పుట్టింది? పద్దెనిమిదేళ్లుగా వెనక్కి వెనక్కి వెళ్లి చూస్తున్నాను. రెండోదే ముందు పుట్టిందని అనిపిస్తుంది. ఆ క్షణంలో నా కళ్లు మెరిసి ఉంటాయి, ఆ మెరుపు చూసి బావ నమ్మి ఉంటాడు.

సారాన్ని గొట్టం మాత్రల్లో నింపాను. ఎలుక బరువు నుంచి మనిషి బరువుకు లెక్క కట్టాను. త్వరగా తగ్గాలి కదా అని కొంచెం పెంచాను. రోజుకు రెండు, ఇరవై ఒక్క రోజులు, నలభై రెండు మాత్రలు. ఇరవై ఒకటి ఎక్కడి లెక్క? ఎలుకల లెక్క. ఒక చిన్న నోట్‌బుక్కు కూడా ఇచ్చాను. రోజూ ఏం తిన్నావో, కళ్లు ఎలా ఉన్నాయో రాయి బావా అన్నాను. ఉప్పు, నూనె, కారం, కల్లు ముట్టొద్దన్నాను. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాను. పెద్దవ్వకు తెలిస్తే బాధపడుతుంది అని చెప్పాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

పన్నెండో రోజు సిరిసిల్ల నుంచి ఎస్టీడీ బూత్‌లోంచి ఫోన్ చేశాడు. ఆ రోజు అరవలేదు. గొంతు మెత్తగా ఉంది. వాంతులవుతున్నాయని, కళ్లు మళ్లీ పచ్చబడ్డట్టు ఉన్నాయని చెప్పాడు. ఆపెయ్యాల్నా అని అడిగాడు. వద్దు బావా, మధ్యలో ఆపితే పనిచేయదు, ఇంకో తొమ్మిది రోజులే కదా అన్నాను. "నువ్వు చెప్పినవంటే సరే మరదలా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక గీత కొట్టిన ఆ పేజీ నా కళ్లముందుకు వచ్చింది. రాలేదని ఎన్నిసార్లు బుకాయించుకున్నానో. వచ్చింది. మచ్చలతో సహా వచ్చింది. మెస్‌లో అన్నానికి టైమైంది. వెళ్లి తిన్నాను.

పందొమ్మిదో రోజు కరీంనగర్ తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

నేను సిరిసిల్ల చేరేసరికి వాకిలి నిండా జనం. రాజక్క నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. దొంగ ఏడుపు కాదు. నాకు ఇష్టమైన మనిషి పోయాడు. కానీ ఏడుస్తూనే నా కళ్లు గోడల మీద తిరుగుతున్నాయి. అద్దం పక్కన గూట్లో, దువ్వెనల వెనక సీసా కనిపించింది. అందులో నాలుగు మాత్రలు మిగిలాయి. కింద నోట్‌బుక్కు ఉంది. శవం ఇంకా వాకిట్లో ఉండగానే ఆ రెండూ తీసి బ్యాగులో వేసుకున్నాను. ఎవరూ చూడలేదు. చూసినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు, డాక్టరమ్మను కదా.

తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో ఆ నోట్‌బుక్కు చదివాను. రోజుకొక పేజీ. పెద్ద పెద్ద అక్షరాలు. జొన్న గట్క. ఉప్పు లేదు. నూనె లేదు. కల్లు లేదు. మర్నాడు మళ్లీ అదే. ఒక పేజీలో, "దోస్తు ఇంట్ల దావత్‌కు పోయిన. అందరు తాగిన్రు. మంచినీళ్లు తాగి అచ్చిన" అని ఉంది. రోజులు గడిచేకొద్దీ అక్షరాలు వాలిపోయాయి. పద్దెనిమిదో రోజు ఒక్క మాటే ఉంది. తినలే.

బావ పోయిన పదకొండో రోజు దినాలకు మళ్లీ వెళ్లాను. కాబట్టి ఆ రోజుకు నాకు అన్నీ తెలుసు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, తెలియక అన్న మాట కాదు.

భోజనాలయ్యాక పెద్దవ్వ లోపలి అర్రలో గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చేయిపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. పది రోజుల్లో సగమైంది మనిషి.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు. నీకు ఆకు జూపినందుకే మందు బలం పోయిందా? అత్త చేతిల చెయ్యేసి మాట తప్పితి. గందుకే నా అల్లుని తీస్కపోయిందా?"

"గట్లేం ఉండదు పెద్దవ్వా."

"మరెట్లయింది? మూడు పూటలకు కండ్లు తెల్లవడ్డయి. నేనే రెప్పలు ఇప్పి జూసిన. మల్లెందుకు పచ్చవడ్డయి?" నా మొహంలోకి చూసింది. "నువ్వేమన్న ఇచ్చినవా?"

ఆ గొంతులో నింద లేదు. ఇచ్చాను అంటే అయ్యో బిడ్డా అని నన్నే దగ్గరికి తీసుకునేదేమో. అదే నా చివరి అవకాశం. ఇచ్చానంటే ఏమవుతుంది? చదువు పోతుంది. పోలీసులు వస్తారు. రాజక్క నా మొహాన ఉమ్మేస్తుంది. ఇవన్నీ ఒక్క గుటకలో ఆలోచించాను.

"లే పెద్దవ్వా. నేనేమియ్యలే."

"మరి?"

"కల్లు తాగిండు కావచ్చు."

అదీ ఆ మూడు మాటల అబద్ధం. పథ్యం తప్పితే పసరు పనిచేయదని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెద్దవ్వ మీదున్న తప్పు దించాలనే అన్నాను అని తర్వాత చెప్పుకున్నాను. దించాను కూడా. దించి ఎక్కడ పెట్టాను? మాట్లాడలేని మనిషి మీద పెట్టాను.

గడప మీద చెంబు చప్పుడైంది. రాజక్క నిలబడి ఉంది. అంతా విన్నది. ఏడవలేదు. ఏదో లెక్క కుదిరినట్టు తల ఊపింది. "దావత్‌కు పోయిండు గద. నీళ్లే తాగిన అన్నడు. ఆ దినమే తాగిండన్నట్టు. నన్ను గూడ మోసం జేసిండు" అంది. నా అబద్ధానికి రుజువు ఆమే వెతుక్కుంది. మంచినీళ్లు తాగి అచ్చిన అని అతను రాసిన పేజీ నా బ్యాగులోనే ఉంది. బ్యాగు నా ఒళ్లోనే ఉంది.

ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ అనుమానించలేదు. సాంచెలు ఆగిన ఊళ్లో తాగి పోయిన మగవాడు, అందులో వింతేముంది? పెద్దవ్వ మళ్లీ పసరు పోయడం మొదలుపెట్టింది. తను పోయేదాకా పోసింది, ఎవరికీ మూడు పూటలు దాటనివ్వలేదు. నా చదువు సంగతి మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆమెకు తెలిసిపోయిందా? తెలిసి ఊరుకుందా? నన్ను కాపాడిందా, లేక నా మొహం చూడడం ఇష్టం లేక ఊరుకుందా? ఇప్పుడు ఎవరిని అడగను?

నా థీసిస్ పూర్తయింది. వైవాలో బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి, ఎక్కువ మోతాదులో ఏమవుతుందో చూశారా అని అడిగారు. చూడలేదండీ అన్నాను. ఆయన తల ఊపి అభినందించారు. ఆ వారంలోనే హాస్టల్ వెనక బావ నోట్‌బుక్కు కాల్చేశాను. బైండు చేసిన అట్ట కాబట్టి త్వరగా అంటుకోలేదు. మూడు అగ్గిపుల్లలు పట్టింది.

ఊళ్లో నాకు సన్మానం చేశారు. రాజక్క సిరిసిల్ల నుంచి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి నాకు శాలువా కప్పింది. "ఆయనుంటే ఎంత సంబురపడుతుండెనో" అంది. వెంటనే మొహం గట్టిపడింది. "తాగి సచ్చిండు, ఏం జెయ్యాలె" అంది. అప్పటినుంచి శాలువా అంటేనే నాకు భయం. కాలేజీలో ఎవరికైనా కప్పుతుంటే ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్లిపోతాను.

మా ఇళ్లల్లో పెత్తరమాసకు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ముందు పెడతారు. కల్లు తప్పకుండా పెడతారు. కల్లు గీసే ఇంటివాళ్లం, అది లేకుండా పెద్దలకు పెట్టడమే ఉండదు. ఒక ఏడు నేను సిరిసిల్లలో ఉన్నాను. రాజక్క అత్తమామలకు ముంతలో కల్లు పోసింది. బావ పటం ముందు మాత్రం నీళ్ల గ్లాసు పెట్టింది. అదేమిటక్కా అని ఎవరో అడిగితే, "గదే గద ఆయన్ని తిన్నది. సచ్చినంక గూడ పొయ్యాల్నా?" అంది. ఆ ఇంట్లో ఆ రోజు అన్నం ఎలా మింగానో నాకే తెలియదు. తరువాతి ఏడు నుంచి పెత్తరమాసకు ఏదో ఒక వంక చెప్పి వెళ్లడం మానేశాను.

ఇదంతా ఇలాగే మోస్తూ పోయేదాన్నేమో. లావణ్య రాకపోతే.

లావణ్య రాజక్క కూతురు. నాన్న పోయేనాటికి నాలుగేళ్లది. ఇప్పుడు ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతోంది. పోయిన నెల జగిత్యాల వచ్చింది, ప్రాజెక్టు రాసుకుని. తాగుడు వల్ల కాలేయం ఎలా చెడిపోతుంది అన్నది దాని విషయం. నేను కాగితాలు తిప్పుతుంటే పక్కన కూర్చుని చెప్పింది.

"మా నాయిన గట్లనే వోయిండు గద చిన్నమ్మా. ఇంకెవ్వలు గట్ల పోవద్దని గిదే తీస్కున్న."

మొదటి పేజీలో ఒక వాక్యం ఉంది. తాగుడుకు బలైన నా తండ్రికి అని. నేనేం చేశానో చెప్పనా? ఎర్ర పెన్ను తీసి అందులో ఒక అక్షరం తప్పు పోయిందని సున్నా చుట్టాను. తర్వాతి పేజీలో ఒక ఫార్ములా దిద్దాను. టీ పెట్టి ఇచ్చాను. బాగా రాశావు బిడ్డా అన్నాను. నా కాళ్లకు దండం పెట్టి బస్సెక్కి వెళ్లిపోయింది.

గ్లాసులు కడుగుతుంటే తట్టింది. నా అబద్ధం ఇప్పుడు ఒక చదువైంది. అది రేపు అచ్చవుతుంది, ఎవరో దానికి మార్కులు వేస్తారు, ఆ పిల్ల నలుగురి ముందు నిలబడి తన తండ్రి తాగుబోతు అని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటుంది. నేను ఎలుకల పేజీ మీద గీత కొట్టి మొదలుపెట్టింది దాని దాకా వచ్చింది.

ఆదివారం పొద్దున సిరిసిల్ల వెళ్లాను. ముందు రాజక్కకే చెప్పాలనుకున్నాను. అంతకుముందు కూడా మూడుసార్లు ఇలాగే బయలుదేరాను, వాకిట్లోకి పోయి చీరెలు, పిల్లల చదువులు మాట్లాడి వచ్చాను. ఈసారి కూర్చోకముందే మొదలుపెట్టాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఆమె చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. మాత్రల సంగతి చెప్పాను. ఫోన్ సంగతి చెప్పాను. నోట్‌బుక్కులో ఏమేం రాసుందో నాకు గుర్తున్నంత వరకు, గుర్తులేనిదేముంది, రోజు వెంట రోజు ఒప్పజెప్పాను. దావత్ దగ్గరికి వచ్చేసరికి బీడీ చుట్టే చేతులు ఆగాయి.

"ఆ పుస్తకమేది?" అంది.

"కాలవెట్టిన అక్కా."

కోప్పడుతుందని చూశాను. కొడుతుందని చూశాను. కొడితే బాగుండు అనుకున్నాను. చాట పక్కకు జరిపి గోడ మీది పటం వైపు చూసింది.

"పద్దెనిమిదేండ్లు తిట్టిన గద ఆయన్ని. పొద్దున లేస్తే తిట్టిన. బిడ్డకు తిట్టుడే నేర్పిన" అంది.

తర్వాత నన్ను పొమ్మంది. లావణ్యకు తనే చెబుతానంది. మళ్లీ ఈ గడప తొక్కద్దు అంది. గట్టిగా కూడా అనలేదు.

నేను క్షమించమని అడగలేదు. అడగడానికి నోరు రాలేదు. రేపు లావణ్య ఏం చేస్తుందో తెలియదు. నా డిగ్రీ సంగతి యూనివర్సిటీకి రాస్తుందేమో. రాస్తే నేను కాదనను. ఆమె రాయకపోతే నేనే రాయాలా? రాయాలి. రాస్తానా? ఇది చెబుతున్నప్పుడు కూడా డిగ్రీ పోతే ఉద్యోగం ఏమవుతుందోనని లెక్కలేస్తున్నాను, అంటే నేనింకా పూర్తిగా మారలేదన్నమాట. బస్టాండులో కూర్చున్నాక నాకు ఆకలేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ చాలా ఏళ్లకు నిజమైన ఆకలి వేసింది. రెండు అరటిపళ్లు కొనుక్కుని తిన్నాను.

మీరు నన్ను ఏమనుకున్నా సరే. ఆ నోట్‌బుక్కు లేదు. దానికి సాక్షిని నేనొక్కదాన్నే, అందుకే ఇది రాశాను. మా బావ తాగలేదు. పథ్యం తప్పలేదు. పందొమ్మిది రోజులు నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. అందుకే పోయాడు.